పచ్చ దీపాన్ని ఎంతవరకు నమ్మాలి?

సర్వరు గదిలో ర్యాక్ ముందు నిలబడితే మొదట కంటికి తగిలేవి దీపాలే. బెత్తెడు ఎత్తున్న ఒక్కో పెట్టె ముందు భాగంలో 24 డిస్కులు, ఒక్కో డిస్కుకు రెండేసి దీపాలు. మూలన పవర్‌కు ఒకటి, ఆరోగ్యానికి ఒకటి, నెట్‌వర్క్‌కు ఒకటి, గుర్తు పట్టడానికి నీలిది ఇంకొకటి. వెనక్కి వెళ్తే పవర్ సప్లైలకు, నెట్‌వర్క్ పోర్టులకు మళ్లీ వేరే దీపాలు. ఒక్క పెట్టెకే దాదాపు 60 అవుతాయి. అన్నీ పచ్చగా ఉంటే అంతా సవ్యంగా ఉందని, ఎక్కడో నారింజ రంగు కనిపిస్తే ఏదో చెడిందని అందరూ అనుకుంటారు. ఈ నమ్మకంలో రెండో సగం చాలావరకు నిజం, మొదటి సగం కాదు. పచ్చ దీపం యంత్రం ఆరోగ్యానికి పూచీ ఇవ్వలేదు, ఇచ్చే శక్తి దానికి లేదు. చెడిందని తేలిన భాగం ఎక్కడుందో, చెయ్యి పెట్టబోయే మనిషికి చివరి క్షణంలో చూపించడం దాని అసలు పని. ఆ పనిలో దానికి సాటి వచ్చే సాధనం ఇంతవరకు రాలేదు. ఈ తేడా తెలియకపోవడం వల్లే దీపాన్ని కొందరు అతిగా నమ్ముతున్నారు, కొందరు పాతకాలపు వస్తువని తీసిపారేస్తున్నారు.

ఆ దీపాన్ని వెలిగించేది ఎవరో ముందు చూద్దాం. సర్వరు మదర్‌బోర్డు మీద ప్రధాన ప్రాసెసరు కాక ఇంకో చిన్న కంప్యూటరు ఉంటుంది. పూర్తి పేరు బేస్‌బోర్డ్ మేనేజ్‌మెంట్ కంట్రోలర్, పనిచేసేవాళ్ల నోట బీఎంసీ. డెల్ సర్వర్లలో దీన్ని ఐడ్రాక్ అంటారు, హెచ్‌పీ సర్వర్లలో ఐఎల్‌ఓ అంటారు. దానికి సొంత ప్రాసెసరు, సొంత మెమరీ, బయటికి సొంత నెట్‌వర్క్ దారి ఉంటాయి. అన్నిటికన్నా ముఖ్యమైనది, కరెంటు కూడా వేరే దారిలో అందుతుంది. సర్వరును ఆపేసినా సరే, కేబుల్ తగిలించి ఉన్నంతసేపు స్టాండ్‌బై కరెంటుతో బీఎంసీ మేలుకునే ఉంటుంది. అపార్ట్‌మెంటు మొత్తం చీకటైనా వాచ్‌మన్ గదిలో ఇన్వర్టర్ మీద ఒక బల్బు వెలుగుతున్నట్టు అన్నమాట. ఈ ఏర్పాటు లేకపోతే, చచ్చిపోయిన ఆపరేటింగ్ సిస్టమే తన చావుకబురు తాను చెప్పుకోవాల్సి వచ్చేది. 1998లో ఇంటెల్, డెల్, హెచ్‌పీ, ఎన్ఈసీ కలిసి ఐపీఎంఐ అనే ప్రమాణాన్ని తెచ్చి, ఏ కంపెనీ బీఎంసీతోనైనా ఒకే భాషలో మాట్లాడే వీలు కల్పించాయి. 2015లో వచ్చిన రెడ్‌ఫిష్ ప్రమాణం అదే పనిని వెబ్ పద్ధతిలో చేస్తోంది.

బీఎంసీ ఏం చూస్తుందో తెలియాలంటే ఒక ఫ్యాను దగ్గర ఆగాలి. సన్నని సర్వరు పెట్టెలో అరచేతిలో ఇమిడే ఫ్యాన్లు నిమిషానికి పది వేల చుట్లు దాటి తిరుగుతాయి. ఫ్యాను తీగల్లో కరెంటు ఇచ్చేవి రెండైతే, మూడోది తిరుగుడు లెక్క చెప్పేది. సాధారణంగా చుట్టుకు రెండు చొప్పున ఆ తీగలో విద్యుత్ పల్సులు పుడతాయి. నిమిషానికి 12,000 చుట్లు తిరిగే ఫ్యాను సెకనుకు 400 పల్సులు పంపుతుంది. బీఎంసీ వాటిని లెక్కపెడుతూ కూర్చుంటుంది. బేరింగు అరిగి వేగం తగ్గితే లెక్క తగ్గుతుంది, తీగ తెగితే సున్నా అవుతుంది. ఉష్ణోగ్రత కబురు రెండు తీగల ఐ2సీ దారిలో వస్తుంది. 1982లో ఫిలిప్స్ సంస్థ టీవీల లోపల ఒక చిప్పు మరో చిప్పుతో మాట్లాడుకోవడానికి రూపొందించిన ఆ దారి ఈరోజు డేటా సెంటర్లలో జ్వరం చూసే థర్మామీటరు అయింది. 12 వోల్టుల లైనును చిప్పు నేరుగా తట్టుకోలేదు కాబట్టి రెసిస్టర్లతో దాన్ని కొలవగలిగినంతకు తగ్గించి, అంకెగా మార్చి, మళ్లీ గుణించి అసలు వోల్టేజీని రాబడతారు. పవర్ సప్లైలు, సీమాస్ బ్యాటరీ, పెట్టె మూత తెరిచిన గుర్తు, ఇవన్నీ ఇలాగే ఏదో ఒక తీగ మీదుగా అంకెలై వచ్చి చేరతాయి.

అంకె దీపంగా మారాలంటే మధ్యలో ఒకరు గీత గీయాలి. ఐపీఎంఐలో ఒక్కో సెన్సరుకు మూడు పై గీతలు, మూడు కింది గీతలు పెట్టుకోవచ్చు: జాగ్రత్త పడాల్సినది, ప్రమాదకరమైనది, ఇక కోలుకోలేనిది. సర్వరులోకి వెళ్లే గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలని అమెరికా శీతలీకరణ ఇంజనీర్ల సంఘం ఆశ్రే సిఫారసు. అయితే 28 డిగ్రీలు రాగానే నారింజ దీపం వెలిగించే తయారీదారు ఎవరూ ఉండరు. ఆ గీత ఎక్కడ గీయాలన్నది యంత్రాన్ని అమ్మినవాడి నిర్ణయం. ఉదాహరణకు 42 దగ్గర గీశాడనుకుందాం. ఉష్ణోగ్రత 41.9కి, 42.1కి మధ్య ఊగుతుంటే దీపం వెలుగుతూ ఆరుతూ పిచ్చెక్కిస్తుంది. అందుకని 42 దగ్గర వెలిగించి, 40కి దిగాకే ఆర్పుతారు. అంటే 41 డిగ్రీల దగ్గర దీపం వెలగనూవచ్చు, వెలగకపోనూవచ్చు. ఆ గాలి ఎక్కుతూ అక్కడికి వచ్చిందా, దిగుతూ వచ్చిందా అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇన్ని అంకెలను, ఇన్ని నిర్ణయాలను గాలించి, అన్నిటిలోకి అధ్వానమైన ఒక్కదాన్ని మాత్రమే ముందువైపు ఆరోగ్య దీపం చూపిస్తుంది. మిగతా కథంతా బీఎంసీ లోపలి చిట్టాలో ఉంటుంది. కాబట్టి పచ్చ రంగుకు అర్థం, ఎవరో గీసిన గీతల్లో ఏదీ దాటలేదని మాత్రమే. గీత గీయని చోట ఏం జరుగుతోందో దానికి తెలియదు.

గీత గీయని చోట జరిగేవి తక్కువేం కాదు. గూగుల్ పరిశోధకులు లక్షకు పైగా హార్డ్ డిస్కులను గమనించి 2007లో ఫలితాలు వెల్లడించారు. డిస్కు తన ఆరోగ్యాన్ని తానే కొలుచుకునే స్మార్ట్ అనే పద్ధతి ఒకటుంది. అందులో బలమైనవిగా తేలిన నాలుగు సూచనల్లో ఒక్కటి కూడా కనిపించకుండానే ప్రాణం విడిచిన డిస్కులు, చనిపోయినవాటిలో 56 శాతం పైనే. సగానికి పైగా డిస్కులు చివరిదాకా ఆరోగ్యంగా కనిపిస్తూనే పోయాయన్నమాట. అలాగని ఆ సూచనలు వృథా అనలేం. ఉపరితలాన్ని తడిమి చూసే పరీక్షలో మొదటి తప్పు కనబడ్డ డిస్కు, ఆ తర్వాత 60 రోజుల్లో చెడిపోయే అవకాశం, అలాంటి తప్పు లేనివాటితో పోలిస్తే 39 రెట్లు ఎక్కువని అదే అధ్యయనం తేల్చింది. హెచ్చరిక దీపం వెలిగితే నమ్మాలి, వెలగకపోతే మాత్రం నమ్మడానికి ఆధారం లేదు. ఈ రెంటికీ మధ్య ఉన్న వంకర సంబంధాన్ని చాలామంది పట్టించుకోరు.

డిస్కైనా నయం, ఎప్పుడో ఒకప్పుడు ఆగిపోయి దొరికిపోతుంది. ప్రాసెసరు అబద్ధం చెబితే? ఫేస్‌బుక్ ఇంజనీర్లు 2021లో ఒక ఉదంతాన్ని ప్రకటించారు. కుదించి దాచిన ఫైళ్లను విప్పే పనిలో కొన్ని ఫైళ్లు మాయమవుతున్నాయి. తవ్వుకుంటూ పోతే లోపం ఒక సర్వరు ప్రాసెసరులో, లెక్కలు చేసే ఒకే ఒక్క కోరు దగ్గర తేలింది. 1.1ని 53వ ఘాతానికి పెంచి పూర్ణాంకం తీసుకుంటే 156 రావాలి. ఆ కోరు 0 అని చెబుతోంది. ఫైలు పరిమాణం సున్నా అని లెక్క రావడంతో, రాయడానికి ఏమీ లేదని ప్రోగ్రాం ముందుకు సాగిపోతోంది. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, వోల్టేజీలు సరిగా ఉన్నాయి, వేడి లేదు. ఏ సెన్సరూ ఏ గీతా దాటలేదు. అదే ఏడాది గూగుల్ కూడా, కొన్ని వేల యంత్రాలకు కొన్ని చొప్పున ఇలాంటి నిలకడలేని కోర్లు తమకు తగులుతున్నాయని రాసింది. నెమ్మదిగా పనిచేసే లోపాలది ఇంకో జాతి. సెకనుకు 1 గిగాబిట్ పంపాల్సిన నెట్‌వర్క్ కార్డు ఒక్కసారిగా 1 కిలోబిట్‌కు పడిపోయి, తన వెనకున్న వ్యవస్థనంతా నిలువరించిన సంఘటన పరిశోధన పత్రాలకెక్కింది. పోర్టు పక్కన ఉండే లింకు దీపం చెప్పేది అవతలి కొస తగిలించి ఉందని మాత్రమే. ఆ దారిలో ఎంత సరుకు వెళ్తోందో అది చూడదు.

మెమరీలో పరిస్థితి కాస్త మెరుగు. కారణం అక్కడ కొలత చాలా పకడ్బందీగా ఉండటం. 64 బిట్ల సమాచారానికి 8 తనిఖీ బిట్లు జోడించి, ఒక బిట్టు తప్పితే సరిదిద్దడం, రెండు తప్పితే పట్టుకోవడం సర్వరు ర్యామ్‌కు మామూలు పని. దీనికి మూలం 1950లో రిచర్డ్ హామింగ్ ప్రచురించిన గణితం. గూగుల్ యంత్రాల మీద 2009లో వచ్చిన మరో అధ్యయనం ప్రకారం, ఏడాదిలో ఒక్కసారైనా సరిదిద్దగల తప్పు దొర్లిన ర్యామ్‌లు 8 శాతానికి పైగా ఉన్నాయి. యంత్రాల లెక్కన చూస్తే మూడోవంతు. ప్రతి తప్పుకూ దీపం వెలిగిస్తే ర్యాక్‌లో మూడోవంతు నారింజ రంగులో మునిగిపోతుంది. అందుకే తప్పులను లెక్కపెట్టి, తక్కువ కాలంలో ఎక్కువ పేరుకుంటేనే దీపం దాకా వెళ్లనిస్తారు. ఇక్కడా పచ్చ రంగు వెనక జరిగిపోయిన తప్పులున్నాయి, సర్దుబాటు చేసి దాచారంతే.

దీపానికి, అసలు స్థితికి మధ్య ఉన్న ఎడం ఎంత ప్రమాదకరమో తెలిపే గట్టి సాక్ష్యం సర్వరు గదిలో లేదు, అణువిద్యుత్ కేంద్రంలో ఉంది. 1979 మార్చి 28న అమెరికాలోని త్రీ మైల్ ఐలాండ్‌లో పీడనాన్ని తగ్గించే వాల్వు తెరుచుకుని, మళ్లీ మూసుకోకుండా ఇరుక్కుపోయింది. కంట్రోల్ రూములో దాని దీపం మాత్రం ఆరిపోయింది. వాల్వు మూసుకుందనే సిబ్బంది అనుకున్నారు. ఆ దీపం వాల్వు నిజంగా ఎలా ఉందో చూసి వెలిగేది కాదు, దాన్ని తెరిచే విద్యుదయస్కాంతానికి కరెంటు అందుతోందా లేదా అన్నదాన్ని చూసి వెలిగేది. మూసుకోమన్న ఆజ్ఞ వెళ్లింది, పని జరగలేదు. దీపం ఆజ్ఞనే చూపింది. రెండు గంటలకు పైగా ఆ దారిలో శీతలీకరణ నీరు కారిపోతూనే ఉంది. అదే బోర్డు మీద, నీటి దారిని మూసి ఉంచిన మరో వాల్వు దీపాన్ని మరమ్మతు చీటీ ఒకటి కప్పేసింది. సర్వరు మీద దీపాన్ని చూసినప్పుడు కూడా అడగాల్సిన ప్రశ్న ఇదే: ఇది దేన్ని కొలిచి వెలుగుతోంది? పవర్ దీపం వెలగడానికి కరెంటు లైన్లు సర్దుకున్నాయన్న సంకేతం చాలు. ఆపరేటింగ్ సిస్టమ్ లేచిందో లేదో ఆ సంకేతానికి అక్కర్లేదు.

మరి ఇంత గుడ్డిదాన్ని ఎందుకు ఉంచుకోవాలి? ఇక్కడే దాని అసలు విలువ బయటపడుతుంది. ఎనిమిది డిస్కుల సమూహాన్ని తీసుకుందాం. 1988లో బర్కిలీ పరిశోధకులు పేరుపెట్టిన రైడ్ పద్ధతుల్లో ఐదో రకం. ఒక డిస్కు పోయినా మిగిలిన ఏడింటి నుంచి దాని సమాచారాన్ని లెక్కగట్టి రాబట్టవచ్చు, రెండు పోతే మాత్రం కుదరదు. ఒకటి పోయింది. కొత్త డిస్కు పట్టుకుని టెక్నీషియన్ వచ్చాడు. సాఫ్ట్‌వేరు "డిస్కు 3 చెడింది" అంటోంది. కొన్ని మోడళ్లలో సాఫ్ట్‌వేరు లెక్క సున్నా నుంచి మొదలవుతుంది, పెట్టె మీద అచ్చేసిన అంకెలు ఒకటి నుంచి మొదలవుతాయి. అతను మంచి డిస్కును లాగాడంటే ఆ క్షణంలోనే సమూహం మొత్తం కూలుతుంది. అంతవరకు లోపం ఒక్క డిస్కుది, ఆ పైన నష్టం సంస్థ మొత్తానిది. లోపాన్ని కనిపెట్టే పని సాఫ్ట్‌వేరు ముందే ముగించింది. మిగిలింది, చేతిని సరైన పిడి మీద పెట్టించడం. అక్కడ నారింజ దీపం ఒక్కటే సాయం. హెచ్‌పీ 2012లో తెచ్చిన జెన్8 తరం డిస్కు పిడులకు ఇంకో తెల్ల దీపం పెట్టింది. అది వెలుగుతుంటే "నన్ను లాగొద్దు, లాగితే సమూహం పోతుంది" అని అర్థం. నా దృష్టిలో సర్వరు దీపాల చరిత్రలో ఇంతకంటే తెలివైన ఆలోచన లేదు. చెడినదాన్ని చూపించడం అందరూ చేసేదే, చెడనిదాన్ని కాపాడటానికి ఒక దీపం కేటాయించడం అరుదు.

సరైన భాగం పక్కన దీపం ఉండాలన్న సంగతిని ఐబీఎం తన సిస్టమ్ ఎక్స్ సర్వర్లలో ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్లింది. ర్యామ్ మార్చాలంటే కరెంటు తీసేయాలి. కరెంటు తీస్తే దీపాలు ఆరిపోతాయి. పది పన్నెండు ర్యామ్‌ల వరసలో చెడింది ఏదో గుర్తు పెట్టుకోవడం ఎలా? బోర్డులో కొంత విద్యుత్తును నిల్వ ఉంచి, కేబుల్ పీకేశాక ఒక బటన్ నొక్కితే చెడిన ర్యామ్ పక్కనున్న దీపం కాసేపు వెలిగేలా చేశారు. ఇలాంటి దీపం లేని చోట చేయి తిరిగినవాళ్లు ఇంకో ఉపాయం పన్నుతారు. చెడిన డిస్కు అసలు పలకకపోతే, మిగతా వాటినన్నిటినీ గబగబా చదివిస్తారు. అన్నీ మిణుకుమిణుకుమంటుంటే, మిణుకుమననిదే మనకు కావాల్సింది. ఇక యంత్రాన్నే గుర్తుపట్టాలంటే నీలి దీపం ఉంది. ఐపీఎంఐలో గుర్తింపు ఆజ్ఞ ఇచ్చి వ్యవధి చెప్పకపోతే అది 15 సెకన్లు వెలిగి ఆరిపోతుంది. ర్యాక్ దాకా నడిచేసరికి ఆరిపోతుంది కాబట్టి, ఆరకుండా ఉండమని చెప్పి మరీ పంపడం నయం.

చేతి పొరపాటు ఎంత ఖరీదైందో 1989 జనవరి 8న ఇంగ్లండ్‌లోని కెగ్‌వర్త్ దగ్గర తెలిసింది. బోయింగ్ 737 విమానం ఎడమ ఇంజనులో ఫ్యాను రెక్క విరిగింది. పైలట్లు కుడి ఇంజను ఆపేశారు. యాదృచ్ఛికంగా అప్పుడే కంపనం, పొగ కాస్త తగ్గడంతో తాము చేసింది సరైనదేనని నమ్మారు. 126 మందిలో 47 మంది చనిపోయారు. కంపనాన్ని చూపే మీటరు వాళ్ల ముందే ఉంది. కానీ పాత ముల్లు స్థానంలో డయలు అంచున చిన్న ఎల్‌ఈడీ గుర్తుగా అది మారిపోయి, చూపును లాగలేకపోయింది. లోపం ఉందని అందరికీ తెలుసు, ఏ వైపు ఉందన్న దగ్గరే తప్పు జరిగింది. దీపాన్ని ఎక్కడ పెట్టాం, ఎంత కొట్టొచ్చినట్టు పెట్టాం అన్నది అలంకారానికి సంబంధించిన విషయం కాదు.

ఇక రంగుల సంగతి. ఇందులో పరిశ్రమ చేసుకున్న గందరగోళానికి క్షమాపణ లేదు. కొన్ని డెల్ సర్వర్ల ముందువైపు నిలకడగా వెలిగే నీలి దీపానికి అర్థం ఆరోగ్యంగా ఉన్నానని. హెచ్‌పీ సర్వరు మీద అదే నీలి రంగు నిలకడగా వెలిగితే, ఎవరో ఈ యంత్రాన్ని గుర్తుగా ఎంచారని అర్థం. అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘం రంగుల ప్రమాణంలోనేమో నీలానికి, మనిషి తప్పనిసరిగా ఏదో చేయాలన్న అర్థం ఉంది. ఒకే గదిలో రెండు కంపెనీల యంత్రాలుంటే కొత్తవాడు తెల్లబోవడం ఖాయం. ఎరుపు ఎల్‌ఈడీ 1962లోనే వచ్చినా కాంతివంతమైన నీలం 1993 దాకా రాలేదు. అప్పటికి ఏ అర్థమూ అంటుకోని రంగు కావడం వల్లే తలా ఒక అర్థం తగిలించారేమో. రంగునే నమ్ముకుంటే ఇంకో చిక్కు. ఉత్తర ఐరోపా మూలాలున్న మగవాళ్లలో దాదాపు 8 శాతం మందికి ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియదు. అందుకే మిణుకు లయకు విలువ పెరిగింది. డిస్కు దీపాలు ఎలా మిణుకుమనాలో చెప్పడానికి ఐబీపీఐ అనే ప్రమాణమే ఉంది. గుర్తింపుకు సెకనుకు నాలుగుసార్లు, సమాచారం పునర్నిర్మాణం జరుగుతుంటే సెకనుకు ఒకసారి, చెడిపోతే నిలకడగా వెలగాలి. ఆ నిదానపు మిణుకును చూసి ఓపిక పట్టడం కూడా నేర్చుకోవాలి. 20 టెరాబైట్ల డిస్కును సెకనుకు 200 మెగాబైట్ల చొప్పున నింపితే లక్ష సెకన్లు, అంటే దాదాపు 28 గంటలు పడుతుంది.

ఇంతా విన్నాక ఒకరు అడగవచ్చు: దూరంగా కూర్చుని తెర మీద ప్రతి సెన్సరు అంకెనూ చూడగలుగుతున్నప్పుడు, ఎవరూ చూడని గదిలో దీపం దేనికి? అడగాల్సిన ప్రశ్నే. లోపాన్ని కనిపెట్టే పనిలో తెరదే పైచేయి, అందులో వాదనకు తావులేదు. కానీ తెర చెప్పేది పేరు, చేయి వెతికేది చోటు. పేర్లు ఎంత సులువుగా తారుమారవుతాయో 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో తెలిసింది. రెండు డేటాబేస్ సర్వర్లలో ఉపసర్వరు మీద చెరపాల్సిన ఫోల్డరును ఇంజనీరు ప్రధాన సర్వరు మీద చెరిపేశాడు. దాదాపు ఆరు గంటల సమాచారం తిరిగి రాలేదు. తెర మీద పక్కపక్కనే ఉన్న రెండు పేర్లలో ఒక్క అంకె తేడా. పరిమాణం పెరిగేకొద్దీ ఈ చిక్కు పెరుగుతుందే కాని తగ్గదు. ఫేస్‌బుక్ డేటా సెంటర్లలో ఒక్కో టెక్నీషియన్ చేతి కింద కనీసం 20,000 సర్వర్లు ఉన్నాయని ఆ సంస్థ అధికారి 2013లోనే చెప్పారు. ఒకేలా ఉన్న 20,000 పెట్టెల్లో ఒకటి కావాలంటే అంకె చదువుకుంటూ వెళ్లడం కన్నా నీలి దీపం వైపు నడవడం మేలు.

ఈ వాదన చెల్లని చోటు ఒకటుంది, దాన్ని ఒప్పుకోవాలి. 2018లో మైక్రోసాఫ్ట్ స్కాట్లండ్‌లోని ఆర్క్‌నీ తీరంలో 864 సర్వర్లున్న ఉక్కు గొట్టాన్ని సముద్రం అడుగున దించి, రెండేళ్ల తర్వాత పైకి తీసింది. లోపల నత్రజని, మనిషి జాడ లేదు. నేల మీది వాటితో పోలిస్తే చెడిపోయిన రేటు ఎనిమిదో వంతేనని ప్రకటించింది. చెడినదాన్ని చెడినట్టే వదిలేశారు. చెయ్యే వెళ్లని చోట దీపంతో పనిలేదు నిజమే. అయితే ఇది నేను చెబుతున్నదానికి అడ్డు రాకపోగా బలాన్నిస్తోంది. దీపం అవసరం పూర్తిగా చేతితో ముడిపడి ఉంది కాబట్టే చెయ్యి పోతే అదీ పోయింది.

పోనీ, చూడని చోట్లన్నిటికీ మరిన్ని సెన్సర్లు, మరిన్ని దీపాలు పెడితే? అది ఇంకో గోతిలో పడటం. 1994 జులై 24న వేల్స్‌లోని మిల్‌ఫర్డ్ హేవెన్ చమురు శుద్ధి కర్మాగారంలో పేలుడు జరగడానికి ముందు చివరి 11 నిమిషాల్లో ఇద్దరు ఆపరేటర్ల మీద 275 అలారాలు వచ్చిపడ్డాయి. చదవడానికే టైము లేదు, ఇక ఆలోచించేదెప్పుడు? సర్వరు గదిలో ఇదే జబ్బు నిశ్శబ్దంగా ఉంటుంది. రెండు పవర్ సప్లైలున్న సర్వరుకు ఒక్క కేబులే తగిలిస్తారు. రెండోదానికి కరెంటు లేదని ఆరోగ్య దీపం మొదటి రోజు నుంచే నారింజ రంగులో వెలుగుతుంది. "దానికి అది మామూలే" అని అందరూ అలవాటు పడతారు. ఆర్నెల్ల తర్వాత ఫ్యాను ఆగినా, ర్యామ్ చెడినా ఆ దీపం రంగు మారదు. చెప్పాల్సింది ముందే చెప్పేసిందిగా. అలవాటైపోయిన హెచ్చరిక కన్నా అసలు లేని హెచ్చరికే నయం, కనీసం అది ఉందన్న ధీమా ఉండదు.

బీఎంసీ భద్రత గురించి ఒక్కమాట. ప్రధాన వ్యవస్థ నిద్రపోతున్నా మేలుకునే ఈ కాపలాదారు దొంగ చేతికి చిక్కితే ఇల్లంతా చిక్కినట్టే. ఐపీఎంఐ రెండో వెర్షన్‌లో లాగిన్ పద్ధతే పాస్‌వర్డు హ్యాష్‌ను అడిగినవాడికి అప్పగిస్తుందని 2013లో బయటపడింది. అది ప్రమాణంలోనే ఉన్న లోపం. బీఎంసీని ఇంటర్నెట్‌కు తగిలించకుండా వేరే నెట్‌వర్క్‌లో ఉంచాలని అందరూ మొత్తుకునేది అందుకే. దీపం కూడా నోరు జారగలదు. డిస్కు దీపాన్ని ఒక దొంగ ప్రోగ్రాం చేత సెకనుకు 4,000 బిట్ల వేగంతో మిణుకుమనిపించి, కిటికీ అవతలి కెమెరాతో రహస్యాలు చదవవచ్చని ఇజ్రాయెల్‌లోని బెన్ గురియన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2017లో చూపించారు. అయితే దీనికి ముందే యంత్రంలో దొంగ ప్రోగ్రాం దూరి ఉండాలి కాబట్టి, మామూలు ఆఫీసులు దీని గురించి నిద్ర మానుకోనక్కర్లేదు.

హైదరాబాద్‌లో అమెజాన్ క్లౌడ్ కేంద్రం 2022 నవంబరులో మొదలైంది. విశాఖపట్నంలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. అలాంటి చోట్ల ఈ సంగతులు చూసుకోవడానికి మనుషులు, పద్ధతులు ఉంటాయి. నా చింత వాటి గురించి కాదు. కాలేజీ ల్యాబ్ వెనక గదిలో, నర్సింగ్ హోమ్ మెట్ల కింద, సహకార బ్యాంకు మూలగదిలో ఒంటరిగా నడిచే ఒకటి రెండు సర్వర్లు ఎన్నో ఉన్నాయి. వాటి ముందున్న దీపమే వాటికి దిక్కు. మీ చేతి కింద అలాంటిది ఒకటుంటే, బీఎంసీ హెచ్చరికలు ఎవరి మెయిలుకు వెళ్తున్నాయో, ఆ మనిషి ఇంకా ఉద్యోగంలో ఉన్నాడో లేదో ఈ వారమే కనుక్కోండి. రెండో పవర్ కేబులు తగిలించి, నారింజ దీపాన్ని ఆర్పండి. డిస్కు మార్చే రోజు వస్తే ముందు బ్యాకప్ సరిచూసుకుని, గుర్తింపు దీపం వెలిగించి, దాని మీది సీరియల్ నంబరు తెర మీది నంబరుతో కలిసిందని చూశాకే పిడి మీద చెయ్యి వేయండి.